నడవా ఎవరు గీశారు?

2025 ఆగస్టులో ముంబయి వర్లీ బి.డి.డి. చాళ్ళలో ఉండే 550కి పైగా కుటుంబాలకి, మొదటి విడతగా, అక్కడే కట్టిన కొత్త టవర్లలో ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. 160 చదరపు అడుగుల ఒంటి గదికి బదులు 500 చదరపు అడుగుల రెండు బెడ్‌రూముల ఇల్లు. బాత్రూం లోపలే. ఆ నెలంతా దీని మీద నేను చదివిన వ్యాసాల్లో సగం సంతాపసభ ఉపన్యాసాల్లా ఉన్నాయి. నడవాలు పోతున్నాయట. తలుపులు బార్లా తీసి ఉంచే రోజులు పోతున్నాయట. ఒక గదిలో పొయ్యి వెలగకపోతే పక్క గదికి తెలిసిపోయే కాలం ఇక రాదట. రాసినవాళ్ళందరి ఇళ్ళలోనూ, నా ఇంట్లోలాగే, కనీసం రెండు బాత్రూములు ఉంటాయని పందెం కాస్తాను.

నా పేచీ ఆ బాధతో కాదు. ఆ బాధలో కొంత నాకూ ఉంది. పేచీ ఎక్కడంటే, ఈ వ్యాసాలన్నీ చాల్‌లోని కలివిడితనాన్ని తీసుకెళ్ళి ఆ కట్టడం ఖాతాలో జమ చేస్తున్నాయి. ఎవరో ఆర్కిటెక్టు కూర్చుని, మనుషులు కలిసి బతకాలి కాబట్టి ఇక్కడొక నడవా పెడదాం అని గీసినట్టు. మా ఉద్యోగాల్లో ఇలాంటిది రోజూ చూస్తాం. సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం ఉంటుంది. వాడేవాళ్ళు దాన్ని తప్పించుకోడానికి ఏదో అడ్డదారి కనిపెట్టుకుంటారు. మూడేళ్ళ తర్వాత ఎవరో మేనేజర్ ఆ అడ్డదారినే స్లైడ్ మీద ఫీచర్ అని రాసుకొస్తాడు.

మాది సిరిసిల్ల. మా నాన్న అన్న, పెద్దబాపు, మిల్లు పనికి బొంబాయి వెళ్ళి లోయర్ పరేల్ వైపు ఒక చాల్‌లో ఉండేవాడు. అది ప్రభుత్వం కట్టింది కాదు, ప్రైవేటుది. నేను నాలుగో క్లాసు సెలవుల్లో వెళ్ళాను. గుర్తున్నది ఒక్కటే: రాత్రి లేచి బయటికి వెళ్ళాలంటే నడవాలో వరసగా పడుకున్న కాళ్ళు దాటుకుంటూ పోవాలి. ఎవరి కాళ్ళో తెలీదు. దాటేటప్పుడు తగలకూడదని పెద్దమ్మ చెప్పింది, తగిలితే తిరిగొచ్చి దండం పెట్టమని కూడా చెప్పింది. నాకదంతా గొప్ప ఆటలా ఉండింది. వాళ్ళెందుకు లోపల పడుకోలేదన్న ప్రశ్న తట్టడానికి పాతికేళ్ళు పట్టింది.

ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్ సివిల్ వాడు. ప్లాన్ చదవడం వాడే నేర్పాడు: ముందు గోడలు చూడొద్దు, తలుపులు చూడు, ఏ తలుపు ఎందులోకి తెరుచుకుంటోందో చూస్తే ఇల్లు తెలిసిపోతుంది అనేవాడు. బి.డి.డి. చాల్ ప్లాన్‌ని అలా చూస్తే నిమిషం పట్టదు. కింద ఒకటి, పైన మూడు, మొత్తం నాలుగు అంతస్తులు. అంతస్తుకి 20 గదులు. నడిమధ్య పొడుగాటి నడవా, దానికి రెండు వైపులా గదులు. ప్రతి గదికీ ఒకటే తలుపు, అది నడవాలోకి. గదిలో ఒక మూల గిన్నెలు తోముకోడానికి, నీళ్ళు పోసుకోడానికి చిన్న మోరీ. అంతస్తులో అందరికీ కలిపి ఒకచోట మరుగుదొడ్లు. ఒక చాల్‌కి 80 గదులు. వర్లీలో 121 చాళ్ళు, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్‌డీలో 12. మొత్తం 207. అన్నీ దాదాపు ఒకే అచ్చు. కాపీ చేసి పేస్ట్ చేసిన కాంక్రీటు.

నడవా మధ్యలో ఉందన్నది చిన్న విషయం కాదు. మనం సినిమాల్లో చూసే చాల్‌కి బయటి వైపు కటకటాల వరండా ఉంటుంది, దాని మీంచి కిందికి చూస్తే వాకిలి. సాయి పరాంజపే ‘కథా’ (1983) సినిమాలో నసీరుద్దీన్ షా, దీప్తి నావల్ ఉండే చాల్ అలాంటిది. ఆ వరండాకి ఎండ వస్తుంది, గాలి వస్తుంది, ఎదుటివాళ్ళు కనిపిస్తారు. బి.డి.డి. నడవా లోపలి సొరంగం. రెండు పక్కలా తలుపులు తీసి పెడితేనే దానికి వెలుతురు. అంటే, ఆ వ్యాసాలు మురిసిపోయే తెరిచిన తలుపు వెనక ప్రేమ ఉంటే ఉండొచ్చు, గాలాడకపోవడం మాత్రం తప్పకుండా ఉంది.

ఇది ఇలా ఎందుకు కట్టారో తెలియాలంటే ప్లేగు దగ్గరికి వెళ్ళాలి. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. మిల్లు కూలీలు ఊళ్ళకి పారిపోయారు, నగరం సగం స్తంభించింది. రోగం ఇరుకు సందుల్లో పుడుతోందని తేల్చుకుని 1898లో చట్టం చేసి బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్‌ని పెట్టారు. సందులు కొట్టేయడం, రోడ్లు వేయడం, ఖాళీ చేయించినవాళ్ళకి చాళ్ళు కట్టించడం దాని పని. మొదటి రెండూ జోరుగా సాగాయి, మూడోది నత్తనడక. కొట్టేసినన్ని ఇళ్ళు తిరిగి కట్టలేదు. పోయినవాళ్ళు పక్క సందుల్లో ఇంకా ఇరుగ్గా సర్దుకున్నారు.

ఆ ట్రస్ట్ ఛైర్మన్ జె.పి. ఆర్ అనే అధికారి ఒక సూత్రం పెట్టాడు, నాకు భలే నచ్చుతుంది: అరవై మూడున్నర డిగ్రీల సూత్రం. గది గోడ మొదట్లోంచి అరవై మూడున్నర డిగ్రీల కోణంలో పైకి గీత గీస్తే దానికి ఎదుటి కట్టడం అడ్డు రాకూడదు. టాంజెంట్ తీస్తే దాదాపు రెండు. అంటే ఎదుటి బిల్డింగ్ ఎంత ఎత్తుంటే అందులో సగం ఖాళీ మధ్యలో వదలాలి. ఆకాశాన్ని పేదవాడి కిటికీకి లెక్కకట్టి పంచే ప్రయత్నం. వలస ప్రభుత్వపు అధికారి రాసినదాన్లో ఇంత ముద్దొచ్చే జ్యామితి ఉంటుందనుకోలేదు. కానీ ఆ సూత్రం ఆగేది బయటి గోడ దగ్గరే. లోపల ఎంతమంది, ఎన్ని గదుల్లో అన్నది దాని పరిధిలో లేదు. 1911 జనాభా లెక్కల నాటికే బొంబాయిలో మూడింట రెండొంతుల మంది ఒంటి గదుల్లో ఉన్నారు. బి.డి.డి. చాళ్ళకి వచ్చేసరికి కట్టడానికీ కట్టడానికీ మధ్య ఖాళీ ధారాళంగా వదిలారు, ఇప్పటికీ అక్కడ క్రికెట్ ఆడేది అందులోనే. కానీ ఒంటి గది ఒంటి గదిగానే ఉండిపోయింది.

బి.డి.డి. అంటే బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్. 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ పెట్టాడు. 1919 జనవరిలో లక్షకి పైగా మిల్లు కార్మికులు సమ్మె చేశారు, మర్నాటి ఏడాది మళ్ళీ చేశారు. కూలీల ఇళ్ళు హఠాత్తుగా పరిపాలనా సమస్య అయిపోయాయి. 50,000 గదులు కడతామన్నారు. డబ్బు అప్పుల మీద, నగరానికి వచ్చే పత్తి బేలుకి రూపాయి చొప్పున వేసిన సుంకం మీద. చివరికి కట్టింది 16,500 చిల్లర. ఇంకో తమాషా, కట్టినవాటిలోనూ వేల గదులు మొదటి ఏళ్ళలో ఖాళీగా పడి ఉన్నాయి. వర్లీ అప్పటికి ఊరవతల, మిల్లుకి దూరం, అద్దె కూలివాడికి బరువు. ఇళ్ళు లేక రోడ్ల మీద పడుకుంటున్న నగరంలో సర్కారు గదులు బోసిపోయాయి.

అప్పుడు జరిగినది నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపిస్తుంది. శాసనోల్లంఘన రోజుల్లో జైళ్ళు నిండిపోతే ప్రభుత్వం వర్లీ చాళ్ళలో కొన్నిటిని తాత్కాలిక జైలు చేసింది. సత్యాగ్రహుల్ని తెచ్చి అక్కడ పెట్టింది. మధ్యలో నడవా, రెండు పక్కలా గదులు, గదికి ఒకటే తలుపు, చివర ఉమ్మడి దొడ్లు. కాపలావాడు నడవా ఒక కొసన నిలబడితే అంతస్తు అంతా కనిపిస్తుంది. కూలీల ఇల్లు జైలుగా మారడానికి ప్లాన్ పెద్దగా అడ్డు రాలేదు. నడవా మనుషుల్ని కలపడం కోసమే అనేవాళ్ళకి నా జవాబు ఇదే. ఆ నడవా తక్కువ ఖర్చులో ఎక్కువ తలుపులు పట్టించే లెక్క, అంతే. దాంట్లో జైలు పెడితే జైలు, సంసారం పెడితే సంసారం.

సంసారాన్ని పెట్టినవాళ్ళు మనుషులు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. నిజాం ఇలాకాలోంచి వెళ్ళిన కామాటీలు బొంబాయి కట్టడాల్లో రాళ్ళు మోశారు, వాళ్ళ పేరుతోనే కామాటిపురా అయింది. తర్వాత కరీంనగర్, నల్గొండల నుంచి పద్మశాలీలు మిల్లుల్లోకి వచ్చారు. వర్లీ, నాయ్‌గావ్, పరేల్ చాళ్ళలో తెలుగు వినిపించడం అప్పట్నుంచీ ఉన్నదే. ఊళ్ళో వాకిట్లో చేసుకునేవన్నీ వాళ్ళు నడవాలోకి తెచ్చుకున్నారు. బియ్యం ఏరడం, పిల్లకి తల దువ్వడం, బతుకమ్మ పేర్చడం. ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడికి గదిలో చోటు లేకపోతే నడవాలో చాప. రాత్రి షిఫ్టువాడు పొద్దున వచ్చి పడుకునే చోటు, పగటి షిఫ్టువాడు అప్పుడే ఖాళీ చేసిన చోటు. గదిలో పట్టని బతుకంతా బయటికి పొంగింది, దానికి మనం సంస్కృతి అని పేరు పెట్టాం. పేరు తప్పని అనను. దాన్ని సృష్టించిన గొప్పతనం 160 అడుగులది కాదు అంటాను.

సాహిత్యం ఇక్కడ రెండు పాయలుగా చీలింది. ఒకటి పు.ల. దేశ్‌పాండే ‘బటాట్యాచీ చాళ్’ (1958). మధ్యతరగతి మరాఠీ కుటుంబాల చాల్, వాళ్ళ పిసినారితనాలు, సంగీతాలు, ఉపవాసాలు, చివర్లో నవ్వు సన్నగిల్లి దిగులుగా మారే చింతన. గొప్ప హాస్యం, అనుమానం లేదు. ‘కథా’ సినిమాదీ ఆ వంశమే. చాల్ అంటే ఈ దేశంలో ఇప్పటికీ మన కళ్ళ ముందు మెదిలేది వీళ్ళు గీసిన బొమ్మే. రెండో పాయ బాబూరావ్ బాగుల్‌ది, నామ్‌దేవ్ ఢసాళ్‌ది. బాగుల్ మాటుంగా లేబర్ క్యాంపులో పెరిగినవాడు. ఆయన 1963 కథల పుస్తకం పేరు ‘నేను కులం దాచినప్పుడు’ అని చెప్పుకోవచ్చు. మొదటి పాయలో పక్కింటివాళ్ళకి అన్నీ తెలిసిపోవడం జోకు. రెండో పాయలో పక్కింటివాళ్ళకి తెలిసిపోవడమే ప్రాణాపాయం. రెండిట్లోనూ గోడ పలచనే. ఆ గోడకి ఏ వైపు ఎవరున్నారన్నదే తేడా.

దీన్ని సిద్ధాంతంగా చెప్పనక్కర్లేదు. 1974 జనవరిలో వర్లీ బి.డి.డి. చాళ్ళ మధ్య మైదానంలో దళిత్ పాంథర్ల సభ జరిగింది. గొడవ మొదలై, అల్లర్లు రోజుల తరబడి సాగాయి. దళితులు ఎక్కువున్న చాళ్ళు ఏవో, సవర్ణులు ఎక్కువున్న చాళ్ళు ఏవో అక్కడివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పైకప్పుల మీంచి రాళ్ళు పడ్డాయి. విచారణకి కమిషన్ వేయాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ ఉమ్మడి నడవా, ఉమ్మడి నల్లా, ఉమ్మడి దొడ్డి కలిపి ఆ రాయిని ఆపలేకపోయాయి. సంతాప వ్యాసాల్లో గణపతి ఉత్సవాలుంటాయి, ఈ సంగతి ఉండదు.

అలాగని సర్కారు చాల్‌ని చీకటి కొట్టుగా మాత్రమే చెప్పినా అబద్ధమే. పరేల్‌లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ కట్టిన చాల్ నంబర్ 1లో 50, 51 గదులు అంబేద్కర్ కుటుంబానివి. దాదర్‌లో రాజగృహకి మారేదాకా, 1934 వరకు, ఆయన ఇల్లు అదే. మహద్ సత్యాగ్రహం నాటికి, రౌండ్ టేబుల్ సమావేశాలకి లండన్ వెళ్ళి వచ్చేనాటికి ఆయన ఉన్నది ఆ రెండు గదుల్లోనే. కులం అడిగి ఇల్లివ్వని నగరంలో ట్రస్ట్ గది ఒక గదిగా దొరకడం ఎంత పెద్ద విషయమో అక్కడ తెలుస్తుంది. ఆయనకి రెండు గదులున్నాయని కూడా గమనించాలి. ఒకటి సంసారానికి, ఒకటి చదువుకి. ఒక్క గదే ఉంటే ఆ పుస్తకాలన్నీ నడవాలో పెట్టుకోవాలా?

ఇప్పుడు కొంచెం దూరం వెళ్తాను, కారణం ఉంది. సరిగ్గా ఈ చాళ్ళు లేస్తున్న దశాబ్దంలోనే వియన్నాలో ఇంకో నగరపాలక సంస్థ కార్మికులకి ఇళ్ళు కట్టింది. పేదరికం తక్కువేం కాదు, యుద్ధంలో ఓడిపోయి సామ్రాజ్యం ముక్కలైన నగరం. అక్కడి పాత కార్మికుల ఇళ్ళూ చాళ్ళ లాంటివే: పొడుగాటి నడవా, నడవాలో ఉమ్మడి కుళాయి, ఉమ్మడి దొడ్డి, వంటగది కిటికీ నడవాలోకే. ఆ కుళాయిని ‘బస్సేనా’ అంటారు. అక్కడ చేరి చెప్పుకునే కబుర్లకి ఆ కుళాయి పేరే పెట్టుకున్నారు. మన నల్లా దగ్గరి ముచ్చట్లు అనుకోండి. 1919లో అధికారంలోకి వచ్చిన సోషల్ డెమొక్రాట్లు మొదట చేసిన పని ఆ నడవాని ప్లాన్‌లోంచి కొట్టేయడం. నీళ్ళు, మరుగుదొడ్డి ఇంటి లోపలికి తెచ్చారు. మెట్ల దగ్గర మూడు నాలుగు తలుపులే. మెట్లకి దారి వీధిలోంచి కాదు, లోపలి తోటలోంచి.

మరి కలివిడితనం? దాన్ని మనుషుల అగచాట్లకి వదిలేయకుండా విడిగా గీశారు, దానికి చదరపు మీటర్లు కేటాయించారు. కార్ల్ ఏన్ గీసిన కార్ల్ మార్క్స్ హోఫ్ 1930లో తెరిచారు. కిలోమీటరు పైచిలుకు పొడుగు, 1,382 ఇళ్ళు, స్థలంలో అయిదో వంతు కూడా కట్టలేదు, మిగతాదంతా తోటలు. యంత్రాలున్న ఉమ్మడి చాకిరేవులు, స్నానశాలలు, పిల్లల బడులు, గ్రంథాలయం, పళ్ళ డాక్టరు. డబ్బెక్కడిది అంటే, ఆర్థిక వ్యవహారాలు చూసిన హ్యూగో బ్రైట్నర్ 1923లో ఇళ్ళ మీద పన్ను వేశాడు, ఇల్లు ఎంత ఖరీదైతే పన్ను అంత నిటారుగా. పనివాళ్ళని పెట్టుకుంటే పన్ను, వినోదానికి పన్ను. పదకొండేళ్ళలో అరవై వేలకి పైగా ఇళ్ళు. అద్దె కార్మికుడి జీతంలో అతి చిన్న భాగం. బొంబాయిలో అప్పు తీరాలి కాబట్టి అద్దె పెరిగింది, గది ఖాళీ పడింది. అక్కడ ఇల్లు ముందు, లెక్క తర్వాత.

స్వర్గం అని చెప్పడం లేదు. ఇళ్ళలో స్నానాల గది లేదు. చాకిరేవుకి వంతులు, దానిపైన పర్యవేక్షకులు, మగవాళ్ళకి ప్రవేశం లేదు. అంటే బట్టలు ఉతకడం శాశ్వతంగా ఆడవాళ్ళ పనే అని కాంక్రీటులో రాసేశారు. యోజెఫ్ ఫ్రాంక్ అనే వియన్నా ఆర్కిటెక్టు 1926లోనే ఈ భవనాల్ని ‘ప్రజల నివాస ప్యాలెస్’ అని ఎత్తిపొడిచాడు. కూలివాడికి కావలసింది ఇల్లు అయితే మీరు రాజు కోట వేషం వేసి ఇస్తున్నారని ఆయన గొడవ. నాకు ఫ్రాంక్ పక్షానే ఉండబుద్ధేస్తుంది కొన్నిసార్లు, ఆ ఎర్రటి తోరణాల ఫొటోలు చూస్తే. 1934 ఫిబ్రవరిలో డోల్ఫస్ ప్రభుత్వం ఆ ఇళ్ళ మీద ఫిరంగులు పేల్చింది. అవి ఇళ్ళు కాదు కోటలు అని కుడిపక్షం ముందు నుంచీ అంటూనే ఉంది. బొంబాయిలో ఇళ్ళు జైళ్ళయ్యాయి, వియన్నాలో కోటలనిపించుకున్నాయి.

ఒక లెక్క మాత్రం నన్ను వదలదు. 1923లో వియన్నా కట్టిన ఇళ్ళు రెండు సైజులు: 38 చదరపు మీటర్లు, 48 చదరపు మీటర్లు. బి.డి.డి. గది 15 మీటర్లకి కాస్త తక్కువ. ఇప్పుడు వర్లీలో ఇస్తున్న 500 చదరపు అడుగుల్ని మీటర్లలోకి మారిస్తే నలభై ఆరున్నర. ఒక యుద్ధంలో ఓడిన నగరం కార్మికుడికి 1923లో ఇచ్చినదాన్ని ఈ దేశపు అతి ధనిక నగరం 2025లో అందుకుంది, ఇంకా మీటరున్నర తక్కువే. దీని మీద ఎవరూ సంతాపం రాయలేదు.

అయినా కొత్త టవర్ల గురించి నాకు సంబరం కూడా లేదు. నలభై అంతస్తుల ఎత్తు. పాత ప్లాన్‌లో నడవా జనాన్ని పట్టించే లెక్క అయినట్టే, కొత్త ప్లాన్‌లో లిఫ్టు ముందరి జాగా లిఫ్టు పట్టించే లెక్క. మిగిలిన స్థలంలో అమ్మకానికి కట్టే టవర్లు దీని ఖర్చు తెస్తాయి. వియన్నా చేసిన మూడో పని, కలివిడితనానికి విడిగా చోటు గీయడం, వందేళ్ళ కిందా బొంబాయి చేయలేదు, ఇప్పుడూ ఎక్కువ ఆశించలేం. లిఫ్టు ముందు చాప వేసుకుని బియ్యం ఏరితే ఏ సొసైటీ సెక్రటరీ ఊరుకుంటాడు?

పెద్దబాపు, పెద్దమ్మ ఇప్పుడు సిరిసిల్లలోనే ఉంటున్నారు. మిల్లు మూతపడ్డాక కొన్నేళ్ళు వాచ్‌మన్ పని చేసి తిరిగొచ్చేశారు. దసరాకి వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాను, వ్యాసాల సంగతి కూడా. పెద్దబాపు నవ్వాడు. “నడవాల ఏముంటదిరా? పొద్దుగాల నాలుగ్గొట్టంగ లేసి చెంబు పట్టుకొని లైన్ల నిలబడితే తెలుస్తుండె సంస్కృతి.” పెద్దమ్మకి ఆ మాట నచ్చలేదు. “మీ మొగోళ్ళకేం, పొద్దంత మిల్లుల ఉంటిరి. నీకు జరమొచ్చి పడ్డనాడు దవాఖానకి మోసింది ఎవలు? ఎదురుగదాయన కాదా?” అంది. ఇద్దరూ కాసేపు ఆ ఎదురు గది ఆయన పేరు మీద వాదించుకున్నారు.

ఫోన్‌లో దొరికిన కొత్త ఫ్లాట్ ప్లాన్ ఒకటి చూపించాను. పెద్దబాపు కళ్ళజోడు పెట్టుకుని వేలు ముందు మరుగుదొడ్డి మీద పెట్టాడు. “రెండున్నయా?” అన్నాడు. పెద్దమ్మ ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. వేలు గుమ్మం మీద పెట్టి, “ఎదురింటోళ్ళ తలుపు ఏడుంది?” అని అడిగింది. నేను బొమ్మని పెద్దది చేశాను, పక్కకి జరిపాను. ప్లాన్ ఆ గుమ్మం గీత దగ్గరే ఆగిపోయింది.